డాంగిల్ చుట్టూ కట్టిన కంప్యూటర్: విశాఖలో ఒక డీటీపీ కేసు

నేపథ్యం

విశాఖలో సముద్రానికి అర కిలోమీటరు కూడా లేని వీధి. ఇంటి ముందుగదిలోనే డీటీపీ పని (కంప్యూటర్‌లో పేజీలు కట్టి అచ్చుకు సిద్ధం చేయడం): శుభలేఖలు, కరపత్రాలు, చుట్టుపక్కల బళ్ల ప్రశ్నపత్రాలు. యజమానికి యాభై దాటాయి, ఇరవై ఏళ్లుగా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తప్ప మరొకటి ముట్టలేదు. కూతురు బీటెక్ చదువుతూ సాయంత్రాలు రెండు షాపులకు టాలీలో లెక్కలు రాస్తుంది. వీళ్లకు సలహా ఇచ్చింది మేము; గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు ఇక్కడ తీసేశాం.

పాత యంత్రం కోర్ 2 డ్యుయో, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు, 32-బిట్ విండోస్ 7. 2025 మే నెలాఖరుకు రోజుకు నాలుగైదుసార్లు ఆగిపోవడం మొదలైంది. మూత తీస్తే ప్రాసెసర్ పక్కన మూడు కెపాసిటర్లు నెత్తిన ఉబ్బి కనిపించాయి. వెనకవైపు మానిటర్ కేబుల్ బిగించే మరలకు పచ్చగా చిలుము పట్టింది. కేబినెట్ స్క్రూ ఒకటి స్క్రూడ్రైవర్‌కు లొంగక తల అరిగి ఊడింది. బీచ్ వైపు ఇళ్లలో కిటికీ ఊచలకు పట్టే గతే ఇది. ఉప్పు పొడి బోర్డు మీద పేరుకుంటుంది, రాత్రి తేమను పీల్చుకుంటుంది, తడిసిన ఉప్పు కరెంటును పారిస్తుంది. అప్పటికీ ఆ యంత్రం పద్నాలుగేళ్లు లాగింది.

మా దగ్గరికి వచ్చేసరికి

పాతది బాగుచేయడం దండగని ఇంట్లో వాళ్లే తేల్చుకుని, కూతురి క్లాస్‌మేటు రాసిచ్చిన జాబితా పట్టుకుని ద్వారకానగర్ వెళ్లి అన్నీ కొనేశారు. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 చిప్‌సెట్ మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటే స్టిక్కు, 1 టీబీ ఎన్‌వీఎంఈ డ్రైవు (వేగంగా నడిచే రకం ఎస్‌ఎస్‌డీ), 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె), ముందు అద్దం, నాలుగు రంగుల ఫ్యాన్లు ఉన్న కేబినెట్. బిగించాక ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, మానిటర్ మాత్రం నల్లగానే ఉంది.

"ఏటి బాబూ, ఇన్నేలు పోసి కొన్నాక బొమ్మే రాదేటి?" అన్నారు యజమాని.

బొమ్మ రాకపోవడానికి కారణం పేరు చివర ఉన్న ఆ ఒక్క 'ఎఫ్'. 12400కూ 12400ఎఫ్‌కూ తేడా గ్రాఫిక్స్ ఒక్కటే. ఎఫ్ ఉన్నదాంట్లో అది పనిచేయదు, విడిగా కార్డు పెట్టాలి. ఆ జాబితా గేమ్స్ ఆడే కుర్రాడిది. కార్డు తర్వాత కొనుక్కోవచ్చని అతను వదిలేశాడు. డీటీపీ మనిషికి ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు.

అసలు సమస్య మాత్రం నల్ల తెర కాదు. పదే పదే అడిగితే బయటపడింది: పాత డిస్కులో ఆరు వేల పైచిలుకు పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నాయి. తెలుగు టైపు చేసేది పాత ప్యాకేజీతో. ఆ ప్యాకేజీ పచ్చరంగు యూఎస్‌బీ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవిలా పనిచేసే చిన్న వస్తువు) గుచ్చితేనే తెరుచుకుంటుంది. జాబితాలో ఆ డాంగిల్ ఊసే లేదు.

మొదట డిస్కు, తర్వాత మిగతావి

ఏ ప్రయోగానికైనా ముందు పాత హార్డ్‌డిస్కును ఊడదీసి పక్కన పెట్టించాం. కెపాసిటర్లు ఉబ్బిన బోర్డు మీద ఇంకోసారి ఆన్ చేసి ఫైళ్లు కాపీ చేయడమంటే, తెగేలా ఉన్న తాడుతో బావిలో దిగడమే. ఇంకో యంత్రానికి సాటా కేబుల్‌తో తగిలించి, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రీడింగులు చూసి, డిస్కు మొత్తాన్నీ డిస్క్2వీహెచ్‌డీ అనే ప్రోగ్రామ్‌తో ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే అచ్చు నకలుగా తీశాం. వాడుకలో ఉన్నది 140 జీబీ, ఇమేజీ కూడా దాదాపు అంతే వచ్చింది. ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తే సరిపోదా అన్నారు. సరిపోదు. పేజ్‌మేకర్ పేజీలో వరుస ఎక్కడ విరగాలో నిర్ణయించేది ఆ ఫాంటు, దాని వెర్షను, ప్రింటర్ డ్రైవరు. మొత్తం డిస్కు ఉంటేనే ఆ సంసారమంతా యథాతథంగా వస్తుంది.

ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

ప్రాసెసర్ మార్పు సంగతి పక్కన పెట్టి ముందు దీన్నే తేల్చాం. కారణం ఒకటే: దేని మీద ఏం నడవాలో తెలిస్తే ఎంత ర్యామ్, ఎన్ని కోర్లు, ఎన్ని డ్రైవులు కావాలో లెక్క వస్తుంది. తెర కోసం అప్పటికి ఒక పాత గ్రాఫిక్స్ కార్డు అరువు తెచ్చాం.

పాత విండోస్ 7నే కొత్త యంత్రం మీదికి ఎక్కించమని యజమాని కోరిక. అది సాగదు. విండోస్ 7లో యూఎస్‌బీ 3 కంట్రోలర్‌కు డ్రైవరు లేదు, కాబట్టి కీబోర్డూ మౌసూ చచ్చుబడతాయి. 32-బిట్ విండోస్ 7 ఈ బోర్డుల యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో లేవదు. ఇంకా పాత బూట్ పద్ధతిని కొత్త బోర్డులు వదిలేస్తున్నాయి.

తర్వాత విండోస్ 11. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ఇంటెల్ పీటీటీ ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (తాళాలు దాచే భద్రతా భాగం) షరతు తీరింది, సెక్యూర్ బూట్ షరతూ తీరింది, 12వ తరం ప్రాసెసర్ కాబట్టి ప్రాసెసర్ పాతదన్న పేచీ లేదు. షాపులో 'యాక్టివేషన్ అయిపోయిన' విండోస్ వేసి ఇస్తామన్నారట. వద్దన్నాం. కూతురు జీఎస్టీ రిటర్నులకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గుచ్చే యంత్రం అది. ఎవరు ఏం కలిపారో తెలియని విండోస్ మీద సంతకం పెట్టడం, ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టడం ఒకటే. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన ఇన్‌స్టాలర్, బిల్లుతో కొన్న లైసెన్సు.

పేజ్‌మేకర్ 7 దాని మీద తెరుచుకుంది. తెలుగు ప్యాకేజీ మాత్రం 'కీ దొరకలేదు' అంది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 మామూలు 32-బిట్ ప్రోగ్రామ్, దాన్ని 64-బిట్ విండోస్ మోస్తుంది. డాంగిల్ డ్రైవరు అలా కాదు, అది విండోస్ గుండెలోకి వెళ్లి కూర్చోవాలి. 64-బిట్ విండోస్ 32-బిట్ డ్రైవర్‌ను ఆ గడప తొక్కనివ్వదు. విండోస్ 11కు 32-బిట్ రూపమే లేదు. విండోస్ 10కు ఉంది, అది వేస్తే డాంగిల్ పనిచేసేదే కావచ్చు. కానీ దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగియబోతున్నాయి అప్పటికి, పైగా 32-బిట్ అంటే ర్యామ్ 4 జీబీ దాటి వాడుకోదు. నాలుగు నెలల ముచ్చట కోసం కొత్త యంత్రాన్ని కట్టేయడం ఎందుకని వదిలేశాం.

కూతురు లినక్స్ అంది, విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. ఆమె చదువుకు అది అవసరమే. లినక్స్ మింట్ 22 వేసి, వైన్ (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే సాఫ్ట్‌వేర్) మీద పేజ్‌మేకర్ తెరిచాం. తెరుచుకుంది, పాత ఫైలూ చూపించింది. టైపు చేయబోతే ఇంగ్లిష్ అక్షరాలే పడ్డాయి. తెలుగు ప్యాకేజీ పని, ప్రతి కీ నొక్కునూ దారిలో పట్టుకుని మార్చి పేజ్‌మేకర్‌కు అందించడం. ఆ అడ్డగింపు వైన్‌లో కుదరలేదు. ఇంట్లో ఉన్న పాత లేజర్ ప్రింటరు కూడా పేజీని తానే కట్టుకునే రకం కాదు, కంప్యూటర్లోని డ్రైవరే అంతా కట్టిపెట్టాలి. లినక్స్‌లో దానితో రెండు సాయంత్రాలు పోయాయి. శుభలేఖల సీజన్లో ఆయన్ని ఇంతకంటే ఆపకూడదని అక్కడితో వదిలాం.

మిగిలిన దారి: కొత్త యంత్రం మీద విండోస్ 11, దాని లోపల వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల ఇంకో ఊహా కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పాత విండోస్ 7 మొత్తాన్నీ నడపడం. అదే పని చేసే మైక్రోసాఫ్ట్ హైపర్-వీని ఎందుకు ఎంచుకోలేదంటే, గుచ్చిన యూఎస్‌బీ డాంగిల్‌ను నేరుగా లోపలి యంత్రానికి అప్పగించే వీలు దానిలో లేదు. వర్చువల్‌బాక్స్‌లో ఉంది.

లోపలి యంత్రం లేచిన తీరు

ఇమేజ్ ఫైలును తగిలించి ఆన్ చేస్తే విండోస్ 7 గుర్తు సగం వెలిగి నీలి తెర పడింది, స్టాప్ కోడ్ 7బీ. దీన్ని చూసి ఇమేజ్ పాడైందనుకుని మళ్లీ మొదటినుంచి తీసేవాళ్లు ఉన్నారు. పాడవదు. పాత బోర్డులో డిస్కు ఐడీఈ అనే పాత కనెక్షన్ పద్ధతిలో ఉండేది, వర్చువల్‌బాక్స్ మామూలుగా సాటా కంట్రోలర్ కింద పెడుతుంది. విండోస్‌కు లేచే క్షణంలో ఆ డ్రైవరు చేతికి అందక తన డిస్కే కనిపించదు. సెట్టింగుల్లో డిస్కును ఐడీఈ కంట్రోలర్ కిందికి మార్చగానే లేచింది. డెస్క్‌టాప్ మీద ఆయన పెట్టుకున్న సింహాద్రి అప్పన్న బొమ్మతో సహా.

ఇచ్చినవి 2 కోర్లు, 3 జీబీ ర్యామ్. 32-బిట్ కాబట్టి ఎక్కువిచ్చినా వృథా. యూఎస్‌బీ కంట్రోలర్‌ను 2.0కు పెట్టాలి, 3.0 పెడితే విండోస్ 7కు డ్రైవరు లేదన్న పాత కథే మళ్లీ. డాంగిల్ కోసం యూఎస్‌బీ ఫిల్టరు ఒకటి చేర్చితే, ఆన్ చేసినప్పుడల్లా అదే లోపలికి వెళ్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్ పూర్తిగా తీసేశాం. 2020 జనవరిలోనే మామూలు అప్‌డేట్లు ఆగిన విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వడం గుమ్మం తలుపు తీసి నిద్రపోవడం లాంటిది. ఫైళ్ల రాకపోకలకు ఒక్క షేర్డ్ ఫోల్డరు చాలు. పాత విండోస్ రిటైల్ డబ్బా కొన్నది కావడం కలిసొచ్చింది. కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎం కాపీ అయితే దాని లైసెన్సు పాత బోర్డుతోనే పోయేది.

వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున చిన్న పచ్చ తాబేలు కనిపించింది. విండోస్ 11లో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా పొర ఆన్ ఉంటే, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా చుట్టు తిరిగి నడవాలి, కొంత నెమ్మదిస్తుంది. ఆ తాబేలు అందుకు గుర్తు. ఆపేస్తే తాబేలు పోతుంది, భద్రతా పొర ఒకటీ పోతుంది. పేజ్‌మేకర్ 2001 నాటి యంత్రాల కోసం రాసింది, ఈ ప్రాసెసర్ మీద తాబేలు నడక కూడా దానికి పరుగే. అలాగే ఉంచాం.

ప్రింటింగ్‌ను లోపలినుంచి నేరుగా చేయించలేదు. పేజ్‌మేకర్ నుంచి పీడీఎఫ్ తీసి, షేర్డ్ ఫోల్డర్‌లో పడేసి, బయట విండోస్ 11లోని 64-బిట్ డ్రైవరుతో ప్రింటు. ఫాంట్లు పీడీఎఫ్‌లో ఇమిడిపోవాలి, ఆ టిక్కు పెట్టకపోతే బయట చూసేటప్పుడు 'శుభలేఖ' బదులు ఇంగ్లిష్ గుర్తుల గుట్ట కనిపిస్తుంది. మొదటి పరీక్షకు 2011 నాటి పెళ్లికార్డు ఒకటి తెరిచి, అప్పటి కాగితం ప్రతితో పక్కపక్కన పెట్టి చూశారు. వరుసలన్నీ అక్కడక్కడే విరిగాయి.

అప్పుడు భాగాల లెక్క

లోపల ఒక విండోస్, బయట ఒక విండోస్, పక్కన బ్రౌజరూ టాలీ. కాబట్టి 8 జీబీ చాలదు, 16 కావాలి. హెచ్610 బోర్డులో రెండే స్లాట్లు, ఉన్నదానికి అదే కంపెనీ, అదే వేగం ఉన్న మరో 8 జీబీ స్టిక్కు వేశాం. రెండు స్టిక్కులైతే డ్యుయల్ చానల్ వస్తుంది, అంటే ర్యామ్‌కు ఒకటి బదులు రెండు దారులు. ప్రాసెసర్లోని గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామే వాడుకుంటుంది గనుక ఆ లాభం తెర మీద కనిపిస్తుంది.

ప్రాసెసర్ విషయంలో రెండు దారులు: 12400ఎఫ్ ఉంచుకుని చవక కార్డు కొనడం, లేదా 12400కు మార్చుకోవడం. చవకలో దొరికేది పాత తరం కార్డే, అలాంటివాటికి కొత్త డ్రైవర్లు ఆగిపోయాయి, లినక్స్‌లో మరీ తలనొప్పి. పైగా ఉప్పుగాలిలో ఇంకో ఫ్యాను, ఇంకో కనెక్టరు అంటే చెడిపోయే చోటు ఇంకొకటి. షాపువాళ్లు వాపసు తీసుకోలేదు, ఎక్స్ఛేంజికి ఒప్పుకున్నారు. తేడా కట్టి 12400 తెచ్చుకున్నారు.

750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అనవసరం. గ్రాఫిక్స్ కార్డు లేని ఈ యంత్రం శక్తంతా పెట్టి పనిచేసినా 150 వాట్ల చుట్టుపక్కలే. 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్‌కు మార్పించి, మిగిలిన డబ్బును ఎర్తింగుకు కేటాయించమన్నాం. ఎర్తింగ్ ఏంటని ఆయన ఆశ్చర్యపోయారు, దాని సంగతి కింద. మదర్‌బోర్డు, ఎన్‌వీఎంఈ మార్చలేదు. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను హద్దు మించి పరిగెత్తించడం) అక్కర్లేని పనికి హెచ్610 చాలు.

కేబినెట్ వెనక్కి పోలేదు. నాలుగు ఫ్యాన్లలో రెండు తీసేశాం. ముందు ఒకటి లోపలికి, వెనక ఒకటి బయటికి, ముందుదానికి ఉతికే జాలీ. ఫ్యాన్లు ఎక్కువైతే చల్లదనం ఎక్కువనేది నిజమే, కానీ 65 వాట్ల ప్రాసెసర్‌కు ఆ చల్లదనం అక్కర్లేదు. ప్రతి ఫ్యానూ గంటకు అంత ఉప్పుగాలిని అదనంగా బోర్డు మీదికి తోలుతుంది. సముద్రం వైపు కిటికీ కింద ఉన్న బల్లను ఎదురుగోడకు జరిపించాం.

కేబినెట్ చిమచిమ

ఈ కేసులో ఎక్కువ విలువైన పది నిమిషాలు ఇవే. యజమాని చెప్పులు లేకుండా కూర్చుని కేబినెట్ అంచు ముట్టుకుంటే వేళ్లలో చిమచిమ. పాతదానికీ ఉండేదట, "అలవాటైపోయింది" అన్నారు. ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ పెడితే ఫేజుకూ న్యూట్రల్‌కూ 230, ఫేజుకూ ఎర్త్‌కూ 120, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ 110. ఆ రెండూ కలిపితే సరఫరా వోల్టేజీ వస్తోంది. అంటే ఎర్త్ తీగ భూమికి తగలకుండా గాల్లో తేలుతోంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిసి ఉంటాయి, ఎర్త్ తెగితే బాడీ సగం వోల్టేజీకి లేచి కూర్చుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషిని చంపదు, కానీ యూఎస్‌బీ కేబుల్ గుచ్చే క్షణంలో ఆ తేడా అంతా డాంగిల్ లాంటి సున్నితమైన వస్తువు గుండా పారుతుంది. స్పైక్ గార్డు పెట్టాం కదా అన్నారు. పైకి దూకిన వోల్టేజీని అది పారబోయాల్సింది ఎర్త్‌లోకే. ఎర్త్ లేనిచోట ఆ పని సగమే.

ఎలక్ట్రీషియన్ వెతికితే మీటరు బోర్డు దగ్గర ఎర్త్ తీగ చిలుము పట్టి తెగిపోయి ఉంది. కొత్త తీగ లాగి, ఎండిన ఎర్త్ పిట్‌లో బొగ్గూ ఉప్పూ నింపి నీళ్లు పోశాక ఫేజు-ఎర్త్ 229, న్యూట్రల్-ఎర్త్ 2 లోపు. చిమచిమ పోయింది.

కరెంటు పోయినప్పుడల్లా కంప్యూటర్ రీస్టార్ట్ అవడం ఇంకో ఫిర్యాదు, ఇంట్లో సైన్‌వేవ్ ఇన్వర్టరు ఉన్నా సరే. వేరే యూపీఎస్ కొనబోయారు. ముందు ఇన్వర్టరు వెనక స్విచ్ చూడమన్నాం. అది మామూలు మోడ్‌లో ఉంది. ఆ మోడ్‌లో ఇన్వర్టరు తక్కువ వోల్టేజీని కూడా భరిస్తుంది, మారడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అది తెలియదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి కెపాసిటర్లు నెట్టుకురాగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. స్విచ్ యూపీఎస్ మోడ్‌కు నొక్కాక మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేసి పదిసార్లు చూశాం, ఒక్కసారీ ఆగలేదు. యూపీఎస్ ఖర్చు తప్పింది.

కూతురి లినక్స్

అదే డ్రైవును ముక్కలు చేసి రెండు సిస్టమ్‌లు పెట్టడానికి ఒప్పుకోలేదు. నాన్న సంపాదన ఒక డ్రైవు, కూతురి ప్రయోగాలు ఇంకో డ్రైవు. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ మీద మింట్ 22, మొదలు పెట్టేటప్పుడు బూట్ మెనూలోంచి ఎంచుకోవడమే. రెండు చిల్లర పేచీలు వచ్చాయి. మింట్ నుంచి విండోస్‌కు మారినప్పుడల్లా గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు తప్పేది: లినక్స్ బోర్డు గడియారాన్ని గ్రీనిచ్ సమయంగా, విండోస్ స్థానిక సమయంగా చదువుతాయి. మింట్‌కు కూడా స్థానిక సమయమే చదవమని చెప్పాం. ఇక విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి, లేకపోతే అది సగం నిద్రలో ఉన్నప్పుడు మింట్ ఆ డ్రైవు మీద రాయలేదు.

కొత్త పని యూనికోడ్‌లో

పేజ్‌మేకర్‌కు యూనికోడ్, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ వాడే ఉమ్మడి అక్షర పద్ధతి, రాదు. వాట్సాప్‌లో వచ్చే పెళ్లి పేర్లన్నీ యూనికోడే, అందులో అతికిస్తే ప్రశ్నార్థకాలే. ఇరవై ఏళ్ల వేళ్ల అలవాటును ఒక్కరోజులో మార్చమనడం కూడా న్యాయం కాదు. ఒక గీత గీసుకున్నారు: పాత కార్డు మళ్లీ అచ్చు అడిగితే లోపలి యంత్రం, కొత్తగా వచ్చే ప్రశ్నపత్రాలు లిబ్రెఆఫీస్‌లో, కొత్త శుభలేఖలు పేజీలు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్ 1.6లో. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు విడిపోతాయి, అది వద్దు. ఫాంట్లకు సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మండలి, పెద్దన ఉన్నాయి. యూనికోడ్ తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో క్క కోసం క, పొల్లు, క అని మూడు కీలు నొక్కాలనేసరికి ఆయన ముఖం ముడుచుకుంది. రెండో వారానికి కీబోర్డు మీద అంటించిన స్టిక్కర్లు చూడటం తగ్గింది.

రెండు నెలల తర్వాత

ఆగస్టులో మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చేశారు. తర్వాత ఆన్ చేస్తే నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డ్రైవును తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటుంది. బయోస్ మారితే టీపీఎంకు అనుమానం వస్తుంది. కీని మొదటిరోజే కాగితం మీద ప్రింటు తీసి బీరువాలో పెట్టించాం గనుక పావుగంటలో తేలిపోయింది. బయోస్ ముట్టుకునే ముందు ఎన్‌క్రిప్షన్‌ను కాసేపు సస్పెండ్ చేయమని చెప్పలేదు. అది మా పొరపాటే.

మూడు నెలలకోసారి బ్లోయర్‌తో దులపడం, ర్యామ్ అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవడం అలవాటు చేశాం. మన దగ్గర రబ్బరుతో రుద్దే ఆచారం ఉంది. అది బంగారు పూతను అరగదీస్తుంది, పొడి స్లాట్‌లో పడుతుంది.

తేలని విషయం డాంగిల్ ఒక్కటే. మిగతావన్నీ రెండేసి ప్రతులున్నాయి: ఇమేజ్ ఫైలు నకలు బయటి డ్రైవులో ఉంది, పాత హార్డ్‌డిస్కు సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంది. డాంగిల్‌కు నకలు లేదు. అది చచ్చిన రోజున ఆరు వేల ఫైళ్లూ తెరుచుకుంటాయి, ఒక్క అక్షరం మార్చడానికి మాత్రం వీలుండదు. దాన్ని ముందు పోర్టు నుంచి తీసి, ఎవరి మోకాలూ తగలని వెనక పోర్టులో గుచ్చించాం. కూతురు రోజూ సాయంత్రం ఇరవై ఫైళ్లు తెరిచి పీడీఎఫ్ తీస్తోంది, మళ్లీ అడిగే అవకాశం ఉన్న ప్రశ్నపత్రాలతో మొదలుపెట్టి. ఈ రాత రాసేనాటికి తొమ్మిది వందలు దాటాయి.